నలుగు, లసిక, బోదకాలు

ఖమ్మమునుండి పాల్వంచ మీదుగా భద్రాచలమునకు పోవు దారిలో గోదావరి దగ్గరపడినకొలది చేలు తరిగి అడవి చిక్కబడును. ఈ అడవులలోని కోయలు, కొండరెడ్లు తరతరములుగా సంతలకు తెచ్చు సరకులలో చింతపండు, ఇప్పపువ్వు, బంక, తేనెలతోపాటు శీకాయయు, కుంకుడుకాయయు గలవు. వీనిని వర్తకులు తమకు తోచిన ధరకు పుచ్చుకొనిన కాలము చాలనాళ్లు సాగినది. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడిన పిదప తూకము, ధర, లెక్క అనునవి కొంతవరకైనను కలిగినవి. తలంటుపోసికొను తెలుగిండ్లకును ఆ అడవికిని ఇట్టి చుట్టరికమొకటి యున్నది.

తలంటుకు పూర్వాంగముగా జరుగు పని ఒంటిని రుద్దుట. నూనె పట్టించి రుద్దుట వేరు. పిండితో రుద్దుట వేరు. ఏ తడియు లేక నారతోనో పీచుతోనో పొడిచర్మమును రుద్దుట వేరు. ఈ మూడవదానికి ఇటీవల పట్టణములలో క్రొత్త ప్రాచుర్యము వచ్చినది. గట్టి వెండ్రుకలుగల కుంచె నొకదానిని కొని, స్నానమునకు ముందు పాదములు మొదలుకొని గుండెవైపుగా రుద్దుకొన్నచో లింఫు అను ద్రవము చక్కగా ప్రవహించి దేహములోని విషములు వెడలిపోవునని చెప్పుచున్నారు. ఈ మాటలో మన పాతది ఎంత, పరదేశమునుండి వచ్చినది ఎంత, నిజము ఎంత అని విచారింపదగియున్నది. బోదకాలు ఎరిగిన గోదావరి సీమవారికి లింఫు ప్రసంగము చర్మపు నిగారింపుతో ముగియునది కాదు.

మొదట మన యింటి సంగతి. నలుగు పెట్టుట యెరుగని తెలుగువారు లేరు. పార్వతీదేవి ఒంటి నలుగుపిండినుండియే వినాయకుడు పుట్టెనని ప్రతి చవితినాడును వినుచునే యున్నాము. పెండ్లిలో వధూవరులకు నలుగు, నరకచతుర్దశినాడు నలుగు, భోగినాడు పిల్లలకు నలుగు. శెనగపిండియో పెసరపిండియో పసుపుతో కలిపి, బావంచాలు, కచ్చూరములు చేర్చి, నూనె పట్టించిన ఒంటిమీద ఆ పిండిని రుద్దగా రుద్దగా అది ఎండి, నలకలు నలకలుగా రాలును. దానితోపాటు మురికియు, పాతచర్మపు పొట్టును రాలిపోవును. పసిబిడ్డను కాళ్లమీద పరుండబెట్టుకొని నీళ్లుపోయు ముసలమ్మకు ఈ పనిలో గల నేర్పు చూడదగినది. ఆమె చేయి కాళ్లమీదను చేతులమీదను ఒక విధముగను, పొట్టమీద మరియొక విధముగను పోవును. పెద్దలకు వీపు రుద్దుకొనుటకు ఎండిన బీరకాయ పీచు పెరటిలోనే దొరకెడిది. నేటి కుంచెకు మనయిండ్లలో దగ్గరి బంధువు ఈ బీరపీచే.

వైద్యగ్రంథములు ఈ రుద్దుటను ఎంత నిశితముగా విభజించినవో చూచిన ఆశ్చర్యము కలుగును. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయమునందు ఉద్వర్తనము, ఉద్ఘర్షణము, ఉత్సాదనము అని మూడు పేర్లు వచ్చును. వ్యాఖ్యాత డల్హణుడు వానిని వేరుచేసి చెప్పినాడు: నూనె లేని చూర్ణముతో రుద్దునది ఉద్ఘర్షణము, నూనె కలిసిన ముద్దతో రుద్దునది ఉత్సాదనము. ఇటుకతో ఒంటిని రుద్దుటకూడ ఆ అధ్యాయములోనే యున్నది. దురదకు అది మేలని చెప్పబడినది. ఇటుక యనగానే నవ్వురావచ్చును గాని, కాలి మడమలను గరుకురాతితో తోముకొను అలవాటు మన నూతిగట్లమీదనుండి నేటికిని పోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, ఉద్వర్తనమువలన కఫము హరించుననియు, మేదస్సు కరగుననియు, అవయవములు గట్టిపడుననియు, చర్మము తేటపడుననియు చెప్పినాడు. దక్కనులో కల్యాణినుండి ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజోపభోగములలో స్నానభోగమునకు ప్రత్యేకస్థానము గలదు. రాజులకు భోగమైనది గృహస్థులకు పండుగ ఆచారముగను, పసిపిల్లలకు నిత్యకృత్యముగను నిలిచినది.

అయితే ఈ గ్రంథములలో ఎచ్చటను రుద్దుటవలన లింఫు ప్రవహించునన్న మాట లేదు. వారు చెప్పినది కఫము, మేదస్సు, చర్మము. మన పూర్వులకు లింఫు తెలియునని సాగదీసి చెప్పువారిని చూచినపుడు పూర్వులమీదనే జాలి కలుగును. వారు కన్నది వారికి చాలును. వారు కన్నది చిన్నదియు కాదు. చరకసంహిత శారీరస్థానమున దేహమునందలి ద్రవములను దోసిళ్లతో కొలిచి చెప్పు సందర్భమున, చర్మము లోపల నుండి, పుండు పడినపుడు ఊరు నీటికి లసిక అను పేరు చెప్పబడినది. నేడు లింఫునకు మనవారు లసిక యనియు, పాఠ్యపుస్తకములవారు శోషరసమనియు వాడుచున్నారు. పేరు పాతది, అర్థము విస్తరించినది.

గ్రంథము చదువనివారికిని ఈ విషయమున ఒక ఎరుక కలదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీముపట్టిన రెండవనాడు గజ్జలో బిళ్ల కట్టినదందురు. చేతివ్రేలికి పుండైన చంకలో బిళ్ల కట్టును. గాయమొకచోట, బిళ్ల మరియొకచోట. ఈ రెంటికిని మధ్య ఏదో దారి యున్నదని పల్లెలోని ప్రతివాడును ఎరుగును. ఆ దారినే యూరపులోని శరీరశాస్త్రజ్ఞులు 17వ శతాబ్దిలో కన్నులార చూచిరి.

ఆ కథ క్లుప్తముగా చెప్పెదను. ఇటలీలో గస్పారో అసెల్లి 1622వ సంవత్సరమున, అప్పుడే తిండి తిన్న కుక్క నొకదానిని కోసి చూచుచు, ప్రేవుల పొరపై తెల్లని సన్నదారములవంటివి కనుగొనెను. నరములనుకొని ఒకదానిని తెంపగా పాలవంటి ద్రవము కారెను. 1651లో ఫ్రాన్సు దేశపు జాన్ పెకే ఆ తెల్లని కాలువలన్నియు రొమ్ములోని ఒక పెద్దనాళములో కలిసి, మెడవద్ద రక్తములో చేరుచున్నవని చూపెను. 1652, 53 సంవత్సరములలో స్వీడను దేశమున రూడ్‌బెక్, డెన్మార్కున బార్తోలిన్ ఒకరితో ఒకరు పోటీపడి దేహమంతట ఇట్టి నాళములున్నవని నిరూపించిరి. తేటనీరు అను అర్థముగల లాటిను పదమునుండి లింఫు అను పేరు వచ్చినది. కీర్తి యెవరిదను కలహము మాత్రము చాలకాలము ఆరలేదు.

రక్తనాళములనుండి చిమ్మి కండలమధ్య చేరు నీటిలో దినమునకు రెండు మొదలు నాలుగు లీటర్లవరకు ఈ కాలువలద్వారా తిరిగి రక్తములో చేరును. రక్తమునకు గుండె యున్నది. లింఫునకు అట్టి గుండె లేదు. కాలువగోడల సంకోచము, కండరముల కదలిక, ఊపిరి లోనికిపోయి వెలికివచ్చుట, లోపల వెనుకకు మరలనీయని కవాటములు, వీనితోనే అది నడుచును. దారిలో గజ్జలు, చంకలు, మెడవద్ద నున్న గ్రంథులు దానిని వడపోయును. మన బిళ్లలు ఈ గ్రంథులే.

కాలువ మూసికొనిపోయిన నీరు నిలుచును. ఆ నిలిచినదాని పేరే బోదకాలు.

శ్లీపదమును గూర్చి సుశ్రుతుడు నిదానస్థానమున చెప్పిన మాట వైద్యులు నేటికిని తలచుకొందురు. పాతనీరు విస్తారముగా నిలిచి, అన్ని ఋతువులయందును చల్లగానుండు ప్రదేశములలోనే ఈ రోగము విశేషముగా పుట్టునని ఆయన గుర్తించినాడు. మాధవనిదానమున మరియొక సూక్ష్మము గలదు: జ్వరముతో గజ్జలో వాపు మొదలై, నొప్పితో, క్రమముగా పాదమునకు దిగునని. దోమ సంగతి తెలియక, క్రిమి సంగతి తెలియక, నిలువనీటిని జ్వరముతోను, జ్వరమును గజ్జబిళ్లతోను, బిళ్లను పాదపువాపుతోను ముడిపెట్టిన చూపు అది.

మన సరిహద్దు ప్రదేశమున ఈ చూపునకు పరీక్ష చాలగలదు. గోదావరికి కుడివైపు పాల్వంచ నైజాము రాజ్యము. ఎడమవైపు భద్రాచలము 1860లో ఇంగ్లీషువారి పాలనకు వచ్చి, మొదట మధ్యపరగణాలలోను, 1874నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోను చేరినది. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినది. 1959లో భద్రాచలము తాలూకా దానిలో కలిసినది. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా పుట్టినది. గీతలు మారినవి గాని ఒకే వరదనీరు ఇరుగట్లను ముంచుచునే వచ్చినది. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నది 75 అడుగులు మించి ప్రవహించిన సంగతి అచ్చటివారు మరచిపోలేదు. బోదక్రిమిని మోయు క్యూలెక్స్ దోమ ముఖ్యముగా మురికి నిలువనీటిలో పెరుగును. పలుచగా విడివిడిగా ఉండిన అడవిపల్లెకంటె, ఇండ్లు కిక్కిరిసి మురుగు కదలని ఊళ్లలోనే దానికి వసతి యెక్కువ. ప్రభుత్వముల సరిహద్దు దోమకు పట్టదు.

ఆ క్రిమి రక్తములోనుండునని 1872లో కలకత్తాలో తిమొతీ లూయిస్ చూచెను. దోమ కడుపులో అది పెరుగునని 1877లో చైనాలోని అమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్ కనుగొనెను. మలేరియాకు దోమ కారణమని రుజువగుటకు రెండు దశాబ్దులు ముందు జరిగిన సంగతి ఇది. మరియొక వింత కూడ మాన్సనే బయటపెట్టెను: క్రిమిపిల్లలు పగలు చర్మపు రక్తములో దాదాపు కనబడవు, రాత్రియందే వచ్చును, దోమ కుట్టు వేళకు అవి సిద్ధముగా నుండును. అందువలననే బోదకాలు పరీక్షకు ఆరోగ్యశాఖవారు రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత ఊళ్లకు వచ్చి, నిద్రకు ఒరిగినవారిని లేపి వ్రేలినుండి రక్తపుచుక్క తీయవలసివచ్చినది. చీకటిలో వచ్చి రక్తమడుగువారిని పల్లెవారు అనుమానింపక యెట్లుందురు? ఆ అనుమానమును తీర్చుట సూదికంటె కష్టమైన పని.

క్రిమిని చంపు మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. స్ప్రూ అను గ్రహణిరోగమునకు ఇద్దరు సోదరులను కోల్పోయినాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1923లో అమెరికాకు పోయినాడు. చరకసుశ్రుతులను చదువుకొను విద్యార్థులకు పాఠము చెప్పిన ఆ చేతులే, తరువాత లెడర్లే ప్రయోగశాలలో పరిశోధకబృందమును నడపినవి. ఆ బృందము 1947లో వెలువరించిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజీన్, రక్తములోని బోదక్రిమి పిల్లలను నశింపజేయును. మరుసటి సంవత్సరమే, 1948లో, ఆయన అమెరికాలో కాలధర్మము చెందెను. స్వదేశమునకు తిరిగి రాలేదు. 1955లో భారతప్రభుత్వము జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినపుడు చేతికి దొరికిన మందు ఆయన బృందముదే.

ఒక మాట. ఈ మందు క్రిమినే అదుపుచేయును. ఏనుగు కాలువలె పెరిగిన కాలిని మరల సన్నము చేయలేదు. ఇచ్చటనే రుద్దుట యను ప్రశ్న తిరిగి వచ్చును.

కుంచెతో పొడిగా రుద్దుట యను అలవాటునకు నేటి రూపమిచ్చినది జర్మనీ ప్రాంతపు ప్రకృతివైద్యము. 19వ శతాబ్ది చివరిభాగమున లైప్‌జిగ్ నగరమునందలి లూయీ కూనే, రోగములన్నింటికిని దేహమున చేరిన అన్యపదార్థమే మూలమనియు, దానిని చర్మముద్వారా, మూత్రముద్వారా, మలముద్వారా వెడలించుటయే చికిత్స యనియు బోధించెను. ఆయన గ్రంథమును డి. వెంకటచలపతి శర్మగారు 1894లోనే తెనుగు చేసిరి. గాంధీమహాత్ముడు కూనే స్నానములను తానాచరించి, పలువురచే ఆచరింపజేసెను. భీమవరములోను, తరువాత హైదరాబాదులోను ప్రకృతి చికిత్సాలయములు వెలసినవి. సుబ్బారావు పుట్టిన ఊరే ప్రకృతివైద్యమునకును పేరుపొందుట ఒక విశేషము. వీరి మార్గమునందలి మితాహారము, నడక, స్వచ్ఛమైన నీరు, ఎండ, గాలి, ఇవన్నియు మేలైనవే. అన్యపదార్థ సిద్ధాంతము మాత్రము కాలపరీక్షకు నిలువలేదు. నేడు కుంచె అమ్మువారు విషములని చెప్పునది ఆ పాత అన్యపదార్థమునకు క్రొత్తచొక్కా.

లింఫును చేతితో నడపుటను గూర్చిన విద్య వేరొకటి గలదు. డెన్మార్కు దేశస్థుడు ఎమిల్ వోడర్ తన భార్య ఎస్ట్రిడ్‌తో కలిసి దీనిని రూపొందించి 1936లో పారిసు నగరమున వెల్లడించెను. అందులో వ్రేళ్లు చర్మమును మెల్లగా సాగదీసి విడుచును; రాపిడి లేదు, గట్టి ఒత్తిడి లేదు. సన్నని లింఫునాళముల మొదళ్లు చర్మమునకు దిగువనే యుండి, చర్మము కొద్దిగా సాగినపుడు తెరచుకొనును. గట్టిగా రుద్దిన ఎర్రబడునది రక్తము చేరుటవలననే గాని లింఫు పరుగెత్తుటవలన కాదు. పొడికుంచె దేహపు విషములను వెడలించునని నిరూపించిన పరీక్ష లేదు. ఆరోగ్యముగా నున్న చర్మముపై మెత్తని పీచుతో రుద్దుకొన్న ఎండుపొట్టు రాలును, హాయిగా నుండును, ఒళ్లు తేలికైనట్లు తోచును. దానికి ఆ మాత్రము ఫలము చాలదా?

అయితే వాచిన కాలి సంగతి వేరు. బోదకాలు మొదలైనవారి చర్మము పైకి గట్టిగా కనబడినను బలహీనమై యుండును. వ్రేళ్లసందులు ఒరసి పగులును. కుంచెతో గాని, గరుకురాతితో గాని, ఇటుకపొడితో గాని ఆ కాలిని రుద్దిన కంటికి కానరాని గీతలు పడును. ఆ గీతలద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించి, చలి, జ్వరము, గజ్జబిళ్ల, మంటవంటి ఎరుపు వచ్చును. ఒక్కొక్క జ్వరమునకు కాలు మరికొంత పెరుగును. వరినాట్ల బురదలో చెప్పులు లేక నిలుచు కూలివారికి ఈ జ్వరము ఏటేట వచ్చి, నాలుగైదు దినముల కూలి పోవును. ఈ జ్వరములను తగ్గించుటయే కాలిని కాపాడుటయని వైద్యులు గడచిన కొన్ని దశాబ్దులలో గ్రహించిరి. అందుకు వారు చెప్పు పద్ధతి మన ముసలమ్మలు పసిబిడ్డకు పోయు స్నానమువలెనే మెత్తనిది: గది వేడిమిగల నీరు, మామూలు సబ్బు, చేతితోనో మెత్తని గుడ్డతోనో మృదువుగా కడుగుట, వ్రేళ్లసందులలో సబ్బు నిలువకుండ చూచుట, తరువాత రుద్దక అద్దుచు ఆరబెట్టుట, పగుళ్లకు లేపనము, రాత్రి కాలు ఎత్తుగా పెట్టుకొనుట, మడమ పైకి క్రిందికి కదలించుట, కాలికి చెప్పు. ఎరుపు, జ్వరము ఉన్న దినములలో కాలిని కదల్చి శ్రమపెట్టక వైద్యునివద్దకు పోవలయును.

రోగము కంటె రోగమును గూర్చిన మాటలు కొందరిని ఎక్కువగా కృశింపజేసినవి. పూర్వజన్మ పాపమనియు, వంశపు జబ్బనియు చెప్పుకొనుటవలన ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగినవి. కాలు కనబడకుండ చీరకుచ్చెళ్లు నేలకు దించుకొని తిరుగువారు నలుగు పెట్టు పేరంటమునకు పిలిచినను పోలేదు. దోమ కుట్టుటవలన ఎవరికైనను రావచ్చునను ఒక్క సంగతి తెలిసినయెడల ఆ మాటలలో సగమైనను తగ్గును. పురుషులలో వరిబీజముగా వచ్చు వాపును శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునన్న సంగతియు సిగ్గువలన చాలమందికి చేరలేదు.

2004నుండి రోగము గల జిల్లాలలో సంవత్సరమున కొకసారి అందరికిని డైఇథైల్ కార్బమజీన్ మాత్రలు ఇంటింటికి తెచ్చి మ్రింగించు పద్ధతి వచ్చినది. రోగము లేనివారును మ్రింగవలసియుండుటకు కారణము కలదు: క్రిమి రక్తములోనుండియు ఏ లక్షణమును చూపనివారే దోమకు ఎక్కువ తిండి పెట్టుదురు. రెండేండ్లలోపు పిల్లలు, గర్భవతులు, తీవ్రరోగులు మాత్రము దీనికి మినహాయింపు. మన పొరుగున శ్రీలంక 2016లో ఈ రోగమును ప్రజాసమస్యగా తొలగించుకొన్నట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపు పొందినది. మాత్రలతోపాటు, కాలు వాచినవారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములద్వారా ఒక సంచి ఇచ్చు ఏర్పాటు కూడ జరిగినది. అందులో టబ్బు, మగ్గు, సబ్బు, తువాలు, పగుళ్లకు వ్రాయు మందు ఉండును. కుంచె ఉండదు.